కుట్ల భూతానికి మాటల్లేవు

కాపెల్, టెక్సస్
నవంబరు 1981

ఆనందూ,

ఎప్పుడూ "ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి" అని మొదలుపెడతాను. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నేను గొంతు పెంచగానే నువ్వు "లైన్ సరిగా లేదక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవుగా. కూర్చుని చదువు.

మొన్న ఆదివారం మా ఇంట్లో ప్రార్థన కూటం. ప్రార్థన అయ్యాక అందరికీ పులిహోర పెడుతున్నాను. మీ ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మీనా అనే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, నోవైలో ఉండే ఆనందబాబు అంకుల్ మీ బ్రదరా? ఆయన శనివారం టీవీలో మాన్‌స్టర్! మా పిల్లలు ఒక్క షో కూడా మిస్ కారు" అంది. ఊరంతా వినబడేలా అంది. సంఘ పెద్ద దైవాశీర్వాదం గారు "మాన్‌స్టర్ అంటే?" అని అడిగారు. ఆ పిల్ల లేచి, రెండు చేతులూ ముందుకు చాపి, కాళ్ళు ఈడ్చుకుంటూ మా కార్పెట్ మీద అటూ ఇటూ నడిచి చూపించింది.

తల కొట్టేసినట్టయింది నాకు. కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసుకునే మంచి ఉద్యోగం ఉంది కదరా నీకు. మొహం నిండా కుట్లూ, ఒంటి నిండా పచ్చరంగూ పూసుకుని దయ్యం వేషమేమిటి? దైవాశీర్వాదం గారు "అమ్మా విమలా, అక్క ఇంట్లో ప్రార్థన, తమ్ముడి ఇంట్లో పిశాచమా?" అన్నారు. నేను నోరెత్తలేదు. పెళ్ళిపీటల... అదే, పెళ్ళి రోజు చర్చిలో తప్ప నేను అంత సేపు నోరు మూసుకున్నది లేదు.

బాపట్లలో నువ్వు పౌరాణికాల్లో రాక్షసులు వేస్తుంటే గొణిగినవాళ్ళతో నేనే పోట్లాడాను. అది కళ. ఇదేం కళ? సిగ్గు లేదా నీకు? మానేశానని వెంటనే జవాబు రాయి.

విమల

మీ బావకి బి.పి. తగ్గింది. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.


నోవై, మిషిగన్
డిసెంబరు 1981

అక్కకి,

సిగ్గు లేదు. మానను. నువ్వడిగిన రెంటికీ జవాబులు అయిపోయాయి. మిగతాది నీ కోపం చల్లారడానికి రాస్తున్నాను. నాకూ కోపంగానే ఉంది కాబట్టి చల్లారకపోతే నా పూచీ లేదు.

ఇక్కడ దగ్గర్లో ఒక చిన్న టీవీ స్టేషన్ ఉంది. శనివారం మధ్యాహ్నం పాత నలుపు తెలుపు భూతాల సినిమాలు వేస్తారు. సినిమా మధ్య మధ్యలో మా ఆట. అట్టలతో కట్టిన కోట, అందులో భుజాల మీంచి మడమల దాకా వేలాడే నల్ల కేప్ వేసుకుని రక్తం తాగే పిశాచి దొర. అసలు వేషం అతనిదే. సినిమాని వెటకారం చేస్తాడు, పిల్లలు పంపిన ఉత్తరాలు చదువుతాడు. నేను అతని బంటుని. చచ్చినవాళ్ళ ముక్కలు ఏరి కుట్టిన భూతాన్ని. కంపెనీ పిక్నిక్‌లో నా పొడుగు చూసి పిలిచారు.

మొహానికి రబ్బరు, దాని మీద రంగు, కాళ్ళకి ఇటుకంత మందం అట్టలున్న బూట్లు. కళ్ళొక్కటే నావి. ఆ కళ్ళతోనే పిల్లల్ని ఏడిపించాలి, నవ్వించాలి. పోయిన వారం భూతం పుట్టినరోజు. కేకు మొత్తం దొరే తినేశాడు. (రక్తం తాగేవాడికి కేకెందుకని అడక్కు, అలాంటి షో అది.) నేను ఖాళీ ప్లేటు వైపు ఒకసారి చూశాను. అంతే చేశాను. ఆ వారమంతా భూతానికి కేకు పంపిస్తామని పిల్లల దగ్గర్నుంచి ఉత్తరాలే ఉత్తరాలు. ఇది కళ కాదా? చెప్పు.

నాకున్న బాధ వేరు. బాపట్లలో రాక్షసుడికి ఎంత మర్యాద ఉండేది! దేవుడి వేషం కట్టినవాడికి దండం పెట్టేవారు, రాక్షసుడికి వన్స్ మోర్ కొట్టేవారు. చచ్చి పడిపోయినా సరే, జనం అరిస్తే లేచి, మీసం దువ్వి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాణ్ణి. అంతసేపూ నాన్న హార్మోనియం మీద శ్రుతి పట్టుకుని కూర్చునేవాడు. ఇక్కడ భూతానికి మాటల్లేవక్కా. గుర్రుమనడమే. దానికి సిగ్గుపడమంటే పడతాను, పచ్చరంగుకి కాదు.

తమ్ముడు
ఆనంద్

నీ మరదలు నవోమి వందనాలు చెప్పమంది. దైవాశీర్వాదం గారికి పిశాచం కూడా వందనాలు చెప్పిందని చెప్పు.


కాపెల్
ఏప్రిల్ 1982

ఆనందూ,

మీనా మీ షో టేపు పంపింది. మీ బావ డ్యూటీకి వెళ్ళాక, తలుపేసుకుని, నేనూ రూత్ చూశాం. చూశానని ఎవరికైనా చెప్పావో, నిన్ను కుట్టినవాళ్ళు మళ్ళీ విప్పలేనట్టు కుడతాను.

ఖాళీ ప్లేటు వైపు చూశావు చూడు, రూత్ ఏడ్చింది. "వై డింట్ దే గివ్ హిమ్ ఎనీ, మమ్మీ?" అని ఆ రాత్రి అన్నం తినలేదు. సరే, అది కళే. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక ఇంకా కోపం వచ్చింది. ఆ కేప్ వాడు షో అంతా వాగుతూనే ఉన్నాడు. వాడికంటే నీ దగ్గర విద్య ఎక్కువుంది, నీకు గుర్రుమనడం ఒక్కటే ఇచ్చారు.

ఇన్నేళ్ళుగా ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. నేను నోరు తెరిస్తే "పార్డన్?" అంటారు. చెప్పింది అర్థమైనా అంటారు. మన ఇంటికి ఒక మూగ వేషం చాలు. నువ్వు వెళ్ళి ఆ మేనేజర్ని మాట అడుగు. ఒక్క మాటైనా ఇమ్మను. మొహమాటపడి తిరిగొచ్చావో, మీ బావని పంపిస్తాను.

విమల


నోవై
సెప్టెంబరు 1983

అక్కకి,

నువ్వు చెప్పినట్టే అడిగాను. ఏడాదిగా అడుగుతూనే ఉన్నాను. "భూతం మాట్లాడితే భయమేముంది?" అనేవాడు మేనేజరు హోవర్డ్. అదీ నిజమేననుకుని ఊరుకున్నాను.

ఈ నెల పాత దొర షికాగో వెళ్ళిపోయాడు. కేప్ ఖాళీ అయింది. వెళ్ళి హోవర్డ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఆ వేషం నేను వేస్తాను. ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా రాజులూ రాక్షసులే వేశాను. మీసం ఉంది, గొంతు ఉంది, షో అంతా నాకు కంఠస్థం" అన్నాను. వాడు నవ్వి, "ఆనంద్, నువ్వు గ్రేట్. కానీ నీ యాక్సెంట్ జనానికి ఎక్కదు" అన్నాడు.

ఆ దొర ఏ ఊరివాడక్కా? సముద్రాల అవతల ఎక్కడో కొండల్లో కోట ఉన్నవాడు. ఇంగ్లీషు వంకరగా మాట్లాడాలి. వంకరగా మాట్లాడటమే ఆ వేషం. నా వంకర పనికిరాదట. ఒహాయోలో పుట్టి, కార్లకి ఇన్సూరెన్స్ అమ్ముకునే గ్యారీ అనేవాడు నేర్చుకున్న వంకర కావాలట. వాడికిచ్చేశారు. వాడు "గుడ్ ఈవినింగ్" అంటే నోట్లో వేడి గుడ్డు పెట్టుకున్నట్టు ఉంటుంది.

బయటికొచ్చి కార్లో కూర్చుని, అద్దాలు బిగించుకుని, రాక్షసుడి పద్యం పాడాను. పాడటం కాదు, అరిచాను. పార్కింగ్‌లో వెళుతున్న ఒకావిడ అద్దం తట్టి "ఆర్ యూ ఓకే?" అంది. ఓకే అన్నాను. అదే నా మొదటి డైలాగు ఈ దేశంలో.

ఆనంద్


కాపెల్
అక్టోబరు 1983

ఒరేయ్,

నాకు రాసిన ఉత్తరంలో సగమే రాశావు. మిగతా సగం నవోమి ఫోన్లో చెప్పింది. ఆ గ్యారీకి కేప్ విసరడం, మెట్లు దిగడం, కనుబొమ్మ ఎత్తడం అన్నీ నేర్పింది నువ్వేనట! మీ బేస్‌మెంట్‌లోనే నేర్పావట! నవోమి వాడికి గారెలు కూడా వేసి పెట్టిందట!

కోపం ఉత్తరంలో నాకు పంపించావు, విద్య వాడికి పంచిపెట్టావు. నీ ఒంట్లో రక్తముందా, లేక అదీ ఆ దొర తాగేశాడా? నాన్న బతికుంటే హార్మోనియం నీ నెత్తిన పెట్టి కొట్టేవాడు.

దైవాశీర్వాదం గారు నిన్ను పిశాచం అన్నారని ఒకప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడా హోవర్డ్ నువ్వు పిశాచానికి పనికిరావన్నాడని అంతకు పదింతలు వస్తోంది. స్టేషన్‌కి ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో. స్పెల్లింగులు రూత్ చూసింది. జవాబు రాలేదు, వస్తుందని నేను అనుకోనూ లేదు.

వేస్తే దొర వేషం వెయ్యి. లేదంటే ఆ బూట్లు వాడి బల్ల మీద పడేసి ఇంటికి రా. మధ్యలో ఇంకో మాట నాకు రాయకు.

విమల


నోవై
నవంబరు 1983

అక్కకి,

బూట్లు బల్ల మీద పడేశాను. కానీ నువ్వు చెప్పిన వరసలో జరగలేదు. విను.

నేర్పిన మాట నిజం. వాడు కేప్ పట్టుకుంటే తడి దుప్పటి ఆరేస్తున్నట్టుంది. చూడలేకపోయాను. కళ్ళముందు ఎవడు తప్పుగా వేస్తున్నా ఊరుకోలేను, అది నా జబ్బు. తిట్టుకో.

హాలోవీన్‌కి ఒక హైస్కూల్ ఆడిటోరియంలో షో పెట్టారు. టీవీలో లైవ్. చివర్లో దొర మీదికి భూతం తిరగబడుతుంది, దొర మెరుపుతో కొట్టి చంపేస్తాడు, ప్రకటన, షో అయిపోతుంది. అదీ పథకం. శ్యామ్‌సుందర్, రాధాకృష్ణ, మన తెలుగువాళ్ళు కుటుంబాలతో వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. నేనే పిలిచాను. నాకు మాటల్లేవని మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

మెరుపు మెరిసింది. నేను చచ్చాను. నాకు ఒక్కలాగే చావడం తెలుసక్కా. గుండె పట్టుకుని, వెనక్కి తూలి, ఒక చుట్టు తిరిగి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, తర్వాత నేల. వెనక నుంచి శ్యామ్‌సుందర్ గొంతు. "వన్స్ మోర్!" వాడిది తెనాలి, చిన్నప్పట్నుంచీ నాటకాల పందిళ్ళలో పెరిగినవాడు. ఆ వెంటనే మనవాళ్ళందరూ. "వన్స్ మోర్! వన్స్ మోర్ ఆనందబాబూ!"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే లేచేవాణ్ణి కాదు. ఆ మాట చెవిన పడితే నా కాళ్ళు నన్ను అడగవు. లేచాను. రబ్బరు మొహం మీద లేని మీసం దువ్వాను. గ్యారీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ప్రకటన వెయ్యాల్సినవాడూ చూస్తూ ఉండిపోయాడు. నేను పద్యం ఎత్తుకున్నాను. పై శ్రుతిలో, రాగం ఏమాత్రం కుదించకుండా, తెలుగులో. నోటి దగ్గర రబ్బరు చిరిగి వేలాడింది. హార్మోనియం లేదనే గానీ, ఇంకే లోటూ లేదు. పాడి, మళ్ళీ చచ్చాను.

ఈసారి ముందు వరసల్లోని అమెరికన్ పిల్లలు లేచి నిలబడి వన్స్ మోర్ అన్నారు. అదేమిటో వాళ్ళకి తెలియదు. భూతం లేస్తుందని మాత్రం తెలిసింది. మళ్ళీ లేచాను. ఎన్నిసార్లు చచ్చానో నాకు తెలియదు.

తర్వాత హోవర్డ్ గదిలో కేకలు. అది ఏ భాష, స్పాన్సర్లకి ఏం చెప్పాలి, నీకు పిచ్చా, రేపట్నుంచి రావద్దు. బూట్లు విప్పి వాడి బల్ల మీద పెట్టాను. "నువ్వు పిలిచింది ఒక పొడుగు మనిషిని. వచ్చినవాడు నటుడు. తప్పు నీదే" అన్నాను. "పార్డన్?" అన్నాడు.

ఆనంద్


కాపెల్
ఆగస్టు 1985

ఆనందూ,

నువ్వు నాటకం మాటెత్తక రెండేళ్ళు కావస్తోంది. పిల్లల చదువులూ, మంచూ, కారు రిపేర్లూ రాస్తున్నావు. అవి రాయడానికి నాకు వేరే చుట్టాలున్నారు. అయినా ఇన్నాళ్ళూ నేను కదపలేదు. ఇప్పుడు కదపాల్సి వచ్చింది.

రూత్ పుట్టినరోజుకి మీ బావ ఒక కంప్యూటర్ గేమ్ కొన్నాడు. చీకటి కోట, గబ్బిలాలు, సమాధులు, దొర. డబ్బా మీద కేప్ విసురుతూ ఆ గ్యారీ ఫోటో. మీ స్టేషన్ పేరూ ఉంది. నేను వంటింట్లో ఉన్నాను. "మమ్మీ! కమ్ హియర్! ఆనంద్ మామయ్య చచ్చిపోటుంది!" అని దాని వచ్చీరాని తెలుగులో కేక వేసింది. గరిటె అక్కడే వదిలి పరిగెత్తాను.

బియ్యపు గింజలంత చుక్కలు పేర్చి చేసిన బొమ్మ. మొహమే లేదు, పచ్చటి చదరం. కానీ గుండె పట్టుకుంది. వెనక్కి తూలింది. ఒక చుట్టు తిరిగింది. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది. రూత్ బటన్ నొక్కగానే లేచి, చెయ్యి ముక్కు కిందికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. మీసం లేని బొమ్మ మీసం ఎందుకు దువ్వుతుందిరా?

డబ్బా మీద ఉన్న పేర్లన్నీ చదివాను. డబ్బా బొమ్మ గీసినవాడి పేరు కూడా ఉంది. నీ పేరు లేదు. నీకు తెలుసా ఇది?

విమల


నోవై
సెప్టెంబరు 1985

అక్కకి,

తెలుసు. శ్యామ్‌సుందర్ కొడుకు తెచ్చి చూపించాడు. నీకు తెలియకూడదని కోరుకున్నాను.

ఆ కంపెనీకి ఫోన్ చేశాను. హాలోవీన్ షో టేపు ముందు పెట్టుకుని గీశారట. నేలన పడి లేచేది చూసి, ఆట మొత్తం దాని మీదే కట్టారట. ఫోన్ ఎత్తిన కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. "సర్, మాన్‌స్టర్ స్టేషన్‌ది. స్టేషన్ మాకిచ్చింది. చచ్చిపోవడానికి ఓనర్ ఎవరుంటారు సర్?"

నేనుంటాను. ఆ మోకాలు ముందు, ఈ మోకాలు తర్వాత అని నాన్న బెత్తం పట్టుకుని నేర్పాడు. రెండూ ఒకేసారి వాలిస్తే బస్తా పడ్డట్టు ఉంటుందనేవాడు. నా వేషం వాళ్ళది, సరే. రబ్బరు వాళ్ళది, బూట్లు వాళ్ళవి. నా చావు నాది. దాన్ని దొంగిలించారు. దొంగిలించి అందులో కూడా నాకు నోరు పెట్టలేదు. లేచి నిలబడితే పద్యం ఉండాల్సిన చోట బీప్ అంటుంది. విన్నావా ఆ చప్పుడు? నేను రోజూ వింటున్నాను, ఆట లేకుండానే.

రూత్‌ని ఆ ఆట ఆడొద్దని చెప్పు. కాదులే, ఆడనీ. దానికేం తెలుసు. నవోమి మీద అరుస్తున్నాను. పప్పులో ఉప్పు తక్కువైందని నిన్న ప్లేటు విసిరాను. అలాంటివాణ్ణయ్యాను.

ఇక వేషం కట్టను. ఎక్కడా కట్టను. మీసం తీసేశాను.

ఆనంద్


కాపెల్
అక్టోబరు 1985

మీసం లేని తమ్ముడికి,

ప్లేటు విసిరినందుకు నిన్ను తర్వాత తిడతాను. దానికి వేరే ఉత్తరం ఉంది. ముందు ఇది చదువు.

మన సంఘం పెరిగింది. అమెరికన్ చర్చివాళ్ళు హాలు ఇచ్చారు. నిన్న క్రిస్మస్ నాటకం గురించి మీటింగు. పోయిన ఏడాది హేరోదు రాజు వేషం రామమోహన్ గారు వేశారు. పాపం, కాగితం చూసి చదివారు. "పిల్లలందరినీ చంపండి" అన్నది రేపు జల్లులు పడే అవకాశముంది అన్నట్టు వినిపించింది. మన సైడు క్రిస్మస్ నాటకమంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? ప్రభువు తొట్టిలో నిద్రపోతాడు, యోసేపుకి రెండు ముక్కలు, ఊరు ఊరంతా కదిలొచ్చేది హేరోదు కోసం.

నీ పేరు చెప్పాను. దైవాశీర్వాదం గారు కళ్ళజోడు సర్దుకుని, "ఎవరు, ఆ పిశాచమా?" అన్నారు. ఆ రోజు మూసుకున్న నోరంతా ఇప్పుడు తెరిచాను. "అయ్యగారూ, పసిబిడ్డల్ని నరికించిన రాజు వేషానికి దేవదూతని తెమ్మంటారా? తెచ్చి మీరే నేర్పించండి" అన్నాను. మీ బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను తిరిగి తొక్కాను. ఇన్నేళ్ళ కోపం, హోవర్డ్‌దీ, గ్యారీదీ, ఆ బీప్‌దీ, అన్నీ పాపం ఆ పెద్దాయన మీదే పోశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చివరికి, "మా రేపల్లెలో హేరోదు అరిస్తే పిల్లలం బెంచీల కింద దూరేవాళ్ళం. ఇక్కడి పిల్లలకి ఆ భయమే తెలియదు" అన్నారు. అని, "రమ్మనండి" అన్నారు.

మాటలు ఎన్ని కావాలంటే అన్ని రాసుకో. పద్యాలు నీ ఇష్టం. రూత్ ఇప్పట్నుంచే హేరోదు సైనికుల్లో చేరింది, దాని తెలుగు విని నవ్వకు. నవోమినీ పిల్లల్నీ తీసుకుని డిసెంబరులో ముందే రా, రిహార్సలుకి. మీసం పెంచు. పెరక్కపోతే అంటించుకో.

ఆ కంపెనీని క్షమించమని నేను చెప్పను. అది చెప్పడానికి పాస్టర్ గారున్నారు. నేను అక్కని. కానీ ఆ కోపాన్ని అక్కడ పప్పు మీదా నవోమి మీదా ఖర్చుపెట్టకు. ఒక్క చుక్క కూడా పారబోయకుండా మొత్తం ఇక్కడికి తీసుకురా. హేరోదుకి కావాలి.

విమల